నోటిపూత మాటిమాటికీ వస్తుంటే ఏం చేయాలి: అద్దం దగ్గర నుంచి రక్తపరీక్ష దాకా

నోరు పూసిందంటే మన ఇళ్ళలో వెంటనే వినిపించే మాట ‘వేడి చేసింది’. రెండు రోజులు మజ్జిగన్నం, మెడికల్ షాపు నుంచి ఒక బీ కాంప్లెక్స్ స్ట్రిప్పు. వారం తిరిగేసరికి తగ్గుతుంది. మాత్ర పనిచేసిందనుకుంటాం. నిజానికి మామూలు నోటిపుండు ఏమీ వేసుకోకపోయినా 7 నుంచి 14 రోజుల్లో దానంతటదే మానిపోతుంది. అందుకే నెలకో పుండు, నెలకో స్ట్రిప్పుగా ఏళ్ళు గడిచిపోతాయి, అసలు ఎందుకు వస్తోందో ఎవరూ వెతకరు.

ఇలా మాటిమాటికీ నోరు పూసేవాళ్ళలో ఎక్కువమందికి ఒంట్లో పెద్ద జబ్బేమీ ఉండదు. చిన్నతనంలోనో, కాలేజీ రోజుల్లోనో మొదలై, అమ్మకో నాన్నకో కూడా ఉండి, వయసు పెరిగేకొద్దీ తగ్గుముఖం పట్టే పూత ఇది. కంగారు పడాల్సిన పనిలేదు. కాకపోతే కొద్దిమందిలో రక్తహీనత, పేగుల జబ్బు, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్ లాంటివి మొదట బయటపడేది నోట్లోనే. ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. ఆ వరుసలోనే వెళ్ళండి. పరీక్షకు రక్తం ఇవ్వకముందు మాత్రం విటమిన్ మాత్రలు మొదలుపెట్టకండి.

1. నోరంతా ఒకసారి సరిగ్గా చూడండి

పుండు ఎక్కడ మండుతోందో అక్కడే చూసి వదిలేస్తాం. అలా కాదు. చేతులు కడుక్కుని, కట్టుడు పళ్ళుంటే తీసేసి, ఫోన్ టార్చ్ వేసుకుని అద్దం ముందు నిలబడండి. కింది పెదవిని వేళ్ళతో కిందికి లాగి లోపలి వైపు చూడండి, తర్వాత పై పెదవి. చెంచా వెనక వైపుతో బుగ్గను పక్కకు జరిపి చివరి దవడపన్ను దాకా చూడండి. నాలుక కొనను శుభ్రమైన గుడ్డతో పట్టుకుని ముందు కుడివైపుకు, తర్వాత ఎడమవైపుకు లాగితే నాలుక అంచు వెనక దాకా కనిపిస్తుంది. ఈ అంచునీ, నాలుక కింది భాగాన్నీ చాలామంది ఎప్పుడూ చూసుకోరు. మన దగ్గర నోటి క్యాన్సర్లు తరచుగా మొదలయ్యే చోట్లలో ఇవి కూడా ఉన్నాయి. చివరగా తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి.

మామూలు నోటిపుండు గుండ్రంగానో కోలగానో ఉంటుంది. మధ్యలో పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రటి వలయం. సాధారణంగా 1 సెంటీమీటరు కంటే చిన్నది. కదిలే మెత్తటి చోట్లలో, అంటే పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద, అంగిలి వెనక భాగంలో వస్తుంది. మచ్చ పడకుండా మానుతుంది. 1 సెంటీమీటరు దాటి లోతుగా ఉండి, మానడానికి వారాలు పట్టి, మచ్చ మిగిల్చేది ఇందులోనే పెద్ద రకం. ఆవగింజలంత పుండ్లు పదుల కొద్దీ ఒకేసారి లేచేది మరో రకం. ముందు నీటిపొక్కులు వచ్చి చితికి, చిగుళ్ళ మీదో గట్టి అంగిలి మీదో పెదవి అంచునో గుంపుగా పుండ్లు పడితే అది హెర్పిస్ వైరస్ పని అయివుండొచ్చు. దాని మందు వేరు.

ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజుకు సరిగ్గా నోరు మానిపోయి ఉంటుంది, అప్పుడు ఆ ఫోటోనే సాక్ష్యం.

2. ఇవి కనిపిస్తే మిగతా మెట్లన్నీ దాటేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి

ఒకే చోట ఉన్న పుండు 3 వారాలు దాటినా మానకపోతే ఇక ఇంటి వైద్యం ఆపేయండి. మరీ ముఖ్యంగా అది నొప్పి లేకుండా ఉన్నా, అంచు గట్టిగా తగులుతున్నా, ముట్టుకుంటే రక్తం వస్తున్నా, మెడలో గడ్డ తగిలినా. ‘నొప్పి లేదు కదా, అదే పోతుందిలే’ అనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద నష్టం. వచ్చిపోయే పుండుకు మంట ఉంటుంది. క్యాన్సర్ పుండు మాత్రం మొదట్లో చాలాసార్లు నొప్పే చూపించదు.

గుట్కా, ఖైనీ, జర్దా, వక్కపొడి అలవాటు ఉన్నవాళ్ళు ఇంకో పరీక్ష చేసుకోవాలి. మీ చేతి మూడు వేళ్ళు నిలువుగా పేర్చి పళ్ళ మధ్య పెట్టండి. పట్టకపోతే, కారం తగిలితే నోరు భగ్గుమంటుంటే, బుగ్గ లోపల తీగల్లా గట్టిగా తగులుతుంటే అది వక్క వల్ల వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు. ఇది నోటిపూత కాదు, క్యాన్సర్‌కు దారితీయగల స్థితి. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో చుట్టను నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో. అంగిలి మీద అది చేసే చేటును పది వేలమందికి పైగా ఊళ్ళవాళ్ళను పరీక్షించి 1971లోనే ప్రచురించారు. ఇంట్లో అలాంటి అమ్మమ్మో నానమ్మో ఉంటే ముందు ఆవిడ అంగిలి చూడండి.

జ్వరంతో పాటు పుండ్లు, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు కలిసి వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. నీళ్ళు కూడా మింగలేకపోతున్నా ఆగకూడదు. నోట్లో పొక్కులు చితికి పచ్చిపుండ్లుగా నెలల తరబడి ఉంటూ, తర్వాత ఒంటి మీద కూడా లేస్తుంటే పెంఫిగస్ అనే జబ్బును అనుమానించాలి. అది చాలామందిలో నోట్లోనే మొదలవుతుంది. దానికి చర్మ వైద్యుల దగ్గర మందు ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

3. మందుల డబ్బా బయటికి తీయండి

ఈ మెట్టును డాక్టర్లు కూడా హడావుడిలో దాటేస్తుంటారు. మీరు రోజూ వేసుకునే ప్రతి మాత్రనూ కాగితం మీద రాయండి. గుండెనొప్పికి ఇచ్చే నికోరాండిల్ పెద్ద పెద్ద నోటిపుండ్లు తెప్పించగలదు. నొప్పి మాత్రలు, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ కూడా అనుమానించదగ్గవే.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కీ ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో. అది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. చీటీ సరిగ్గా అర్థంకాక రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, తెల్లరక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికే వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆ మాత్ర ఉంటే, వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో డబ్బా మీద రాసిపెట్టండి. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు నోరు పూస్తే మాత్ర ఆపి ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. మిగతా మందుల్లో మాత్రం అనుమానం వచ్చినంత మాత్రాన దేన్నీ మీకు మీరే ఆపేయకండి.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటోప్రజోల్ లాంటివి ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు వాటి పక్కన ఒక టిక్కు పెట్టుకోండి. అవి నేరుగా పుండ్లు తెప్పించవు. బీ12 ఒంటికి పట్టకుండా చేస్తాయి. పరగడుపునే గ్యాస్ మాత్ర వేసుకోవడం కాఫీ తాగినంత అలవాటైపోయిన ఇళ్ళు మనవి, అందుకే ఇంత చెప్పాల్సి వస్తోంది.

4. నోట్లోనే ఉన్న కారణాలు తీసేయండి

పుండు ప్రతిసారీ ఒకే చోట వస్తోందా? అయితే నాలుకతో ఆ పక్క పళ్ళను తడిమి చూడండి. విరిగిన పన్ను అంచో, పుచ్చిపోయిన పన్ను మొనో, వదులైన కట్టుడు పళ్ళ సెట్టో గీరుతూ ఉంటుంది. దంత వైద్యులు ఆ మొనను అరగదీసి నున్నగా చేస్తే సమస్య అక్కడితో తీరొచ్చు. గీరే మొనను తీసేశాక కూడా పుండు మానకపోతే రెండో మెట్టులో చెప్పినట్టు పరీక్షకు వెళ్ళాలి.

బ్రష్ మెత్తటిది వాడండి. టూత్‌పేస్ట్ వెనక చిన్న అక్షరాల్లో సోడియం లారిల్ సల్ఫేట్ అని ఉందేమో చూడండి. నురగ కోసం కలిపే పదార్థం అది. కొందరికి అది లేని పేస్ట్‌కు మారితే పుండ్లు తగ్గుతాయి. ఖర్చులేని ప్రయత్నం, ఒక మూడు నెలలు చేసి చూడొచ్చు. సిగరెట్ మానేసిన కొత్తల్లో కూడా కొందరికి నోరు పూస్తుంది. అది కొన్నాళ్ళు ఉండి పోతుంది. దానికోసం మళ్ళీ ముట్టించకండి.

5. మూడు నెలలు రాసుకోండి

గోడ మీది క్యాలెండరే చాలు. పుండు వచ్చిన రోజు, మానిన రోజు, ఎన్ని, ఎక్కడ. నెలసరి తేదీలు, పరీక్షలూ ఆఫీసు టెన్షన్లూ నిద్రలేని రాత్రులూ కూడా పక్కనే రాయండి. కొందరు ఆడవాళ్ళలో నెలసరికి ముందే పూత వస్తుందని ఇలా రాస్తేనే తెలుస్తుంది.

పిల్లల విషయంలో ఈ తేదీలు మరీ విలువైనవి. 3 నుంచి 6 వారాలకోసారి గడియారం పెట్టినట్టు జ్వరం, గొంతునొప్పి, మెడ బిళ్ళలు, నోటిపుండ్లు కలిసి వచ్చి, మధ్యలో బిడ్డ పూర్తి ఆరోగ్యంగా ఉంటే పీఎఫ్‌ఏపీఏ అనే సమస్య కావచ్చు. ఎక్కువగా 5 ఏళ్ళలోపు మొదలవుతుంది. సుమారు 21 రోజులకోసారి వస్తుంటే తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ విడతల వారీగా పడిపోతున్నాయేమో చూడాలి. దీన్ని పట్టాలంటే ఒక్కసారి రక్తం తీస్తే సరిపోదు, కొన్ని వారాల పాటు వారానికి రెండు మూడుసార్లు తీయాలి. క్యాలెండర్ చూపించకపోతే ఏ పిల్లల డాక్టరూ అంత దూరం ఆలోచించే వీలుండదు.

6. నోరు వదిలి ఒళ్ళంతా తడుముకోండి

ఈ ప్రశ్నలకు ఒంటరిగా కూర్చుని నిజాయితీగా జవాబు రాసుకోండి. కొన్ని అడగడానికి డాక్టర్ మొహమాటపడతారు, చెప్పడానికి మీరు మొహమాటపడతారు.

మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, గోళ్ళు పలచబడి గుంటలు పడటం, బలపాలో మట్టో బియ్యమో తినాలనిపించడం ఉంటే ఐరన్ తక్కువైందేమో. నాలుక నున్నగా ఎర్రగా అయి మండుతూ, అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు ఉంటే బీ12. శాకాహారులు, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తీసుకునేవాళ్ళు దీన్ని ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే కూరగాయల్లో, ఆకుకూరల్లో బీ12 ఉండదు.

నెలల తరబడి విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం, మలద్వారం దగ్గర ఫిస్టులా (చీము కారే రంధ్రం) ఉంటే క్రోన్స్ లాంటి పేగుల జబ్బును వెతకాలి. మన దేశంలో పేగుల క్షయ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఊహ మీద మందులు మొదలుపెట్టకుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగును చూడటం) చేసి ముక్క తీసి చూడటమే సరైన పని. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉత్తర భారతంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ. అయినా ఉబ్బరం, విరేచనాలు, ఎంతకీ ఎక్కని రక్తం, ఎదగని బిడ్డ ఉన్నప్పుడు దాన్ని మరిచిపోకూడదు.

ఎండలోకి వెళ్తే ముఖం మీద ముక్కుకు అటూ ఇటూ ఎర్రటి దద్దు, వేళ్ళ కీళ్ళ నొప్పులు, జుట్టు ఊడటం, గర్భాలు నిలవకపోవడం ఉన్న ఆడవాళ్ళలో లూపస్ గుర్తుకు రావాలి. ఆ పుండ్లు చాలాసార్లు గట్టి అంగిలి మీద, నొప్పి లేకుండా ఉంటాయి. ఒకటో మెట్టులో అంగిలి చూడమన్నది ఇందుకు కూడా.

మర్మాంగాల దగ్గర కూడా పుండ్లు వచ్చి మచ్చ మిగులుస్తున్నాయా? కళ్ళు ఎర్రబడి చూపు మసకవుతోందా? కాళ్ళ మీద నొప్పిగా ఎర్రటి గడ్డలు లేస్తున్నాయా? నోటిపూత ఏడాదిలో కనీసం 3 సార్లు వస్తూ వీటిలో ఏవైనా తోడైతే బెహ్‌చెట్స్ జబ్బేమో చూడాలి. ఇస్తాంబుల్‌కు చెందిన చర్మ వైద్యుడు హులూసీ బెహ్‌చెట్ 1937లో ఈ గుర్తులన్నీ ఒకే జబ్బువని చెప్పారు. మన దగ్గర అరుదు. అరుదైనా ఇంతగా చెప్పడానికి కారణం కన్ను. ఆలస్యమైతే చూపు పోతుంది. నోటికి ఒక డాక్టర్, కంటికి ఒక డాక్టర్, మర్మాంగాలకు సిగ్గుపడి ఎవరూ లేరు అన్నట్టు తిరిగితే ఈ మూడూ ఒకచోట కలవవు. ఒక్క డాక్టర్‌కే మూడూ చెప్పండి.

పెద్ద పుండ్లు మానకపోవడం, నోట్లో తెల్లటి పెరుగులాంటి పూత, బరువు తగ్గడం, సాయంత్రాలు జ్వరం ఉంటే హెచ్‌ఐవీ, క్షయ పరీక్షలు రెండూ చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సలహా ఇచ్చి పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంటాయి. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.

7. రక్తపరీక్షలు, ఈ వరుసలో

మొదటి విడతలో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్), షుగర్, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ చాలు. ల్యాబ్‌వాళ్ళు చెప్పే పెద్ద ప్యాకేజీ అక్కర్లేదు. బీ కాంప్లెక్స్ ఇప్పటికే మింగుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, ఎందుకంటే రక్తంలో అంకె బాగా కనిపించి లోపం దాగిపోతుంది.

రిపోర్టులో రెండు చోట్ల మోసపోతాం. ‘హిమోగ్లోబిన్ 12 ఉంది, రక్తం బాగుంది’ అని ఆగిపోవడం ఒకటి. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఫెరిటిన్ అడుగంటుతుంది. రెండోది ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు. ఐరన్ తగ్గితే ఎర్రకణం చిన్నదవుతుంది, బీ12 తగ్గితే పెద్దదవుతుంది. రెండూ తగ్గినవాళ్ళలో ఎంసీవీ మామూలుగా కనిపించి, అంతా బాగున్నట్టు భ్రమపెడుతుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ కూడా పైకి లేస్తుంది, సీఆర్‌పీ రాయించుకోమన్నది అందుకే.

లోపం దొరికితే సగం పనే అయింది. ఆ లోపం ఎందుకొచ్చిందన్నది మిగతా సగం. నెలసరిలో ఎక్కువ రక్తం పోయే ఆడవాళ్ళకు కారణం అక్కడే దొరకొచ్చు. మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమో చూడకుండా మాత్రలు ఇచ్చి పంపడం సరికాదు. బీ12 తక్కువున్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్టే ఉంటుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

సీలియాక్ అనుమానం ఉంటే దాన్ని పట్టే రక్తపరీక్ష టీటీజీ ఐజీఏతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి. ఆ పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు, మానేస్తే పరీక్ష తప్పుగా ‘లేదు’ అని చెబుతుంది. మూడు పూటలా అన్నమే తినేవాళ్ళు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. లూపస్ కోసం చేసే ఏఎన్‌ఏ లాంటి పరీక్షలు ఆరో మెట్టులో గుర్తులు దొరికినప్పుడే. గుర్తుల్లేకుండా చేయిస్తే ఆరోగ్యవంతుల్లో కూడా పాజిటివ్ వచ్చి లేనిపోని భయం పట్టుకుంటుంది.

8. ఈలోపు మంట తగ్గేందుకు

గోరువెచ్చటి గ్లాసుడు నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించండి. ఆవకాయ, గోంగూర, అప్పడాల్లాంటివి కొన్నాళ్ళు పక్కన పెట్టి పెరుగన్నం, పెసరకట్టు, చల్లారిన రాగిజావ తీసుకోండి. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండుపూటలా వాడొచ్చు, పళ్ళు తోమిన అరగంట తర్వాత. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు పడుతుంది.

డాక్టర్ ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ పేస్ట్ రాసిస్తే దాన్ని రాసే పద్ధతి ముఖ్యం. రాత్రి పడుకునే ముందు దూదితో పుండు మీది తడిని అద్ది ఆరనివ్వండి. బఠాణీలో సగమంత పేస్ట్ వేలితో పుండు మీద ఆనించండి, రుద్దకండి. రుద్దితే ఇసుకలా పొడిపొడిగా రాలిపోతుంది. ఆనిస్తే పలచటి పొరలా అతుక్కుంటుంది. తర్వాత ఏమీ తినకూడదు, తాగకూడదు. పుండు లేవబోతూ చురుక్కుమనే మొదటి రోజే రాస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. హెర్పిస్ పొక్కుల మీద, తెల్లటి ఫంగస్ పూత మీద దీన్ని రాయకూడదు.

ఆస్పిరిన్ మాత్రను పుండు మీద పెట్టడం, సున్నం రాయడం చేయకండి. రెండూ ఆ చోటును కాల్చేస్తాయి. షాపులో దొరికే కోలీన్ శాలిసిలేట్ జెల్ ఆస్పిరిన్ జాతిది, 16 ఏళ్ళలోపు పిల్లలకు వద్దు.

9. ఎవరి దగ్గరికి వెళ్ళాలి

మొదట దంత వైద్యుల దగ్గరికే. డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ అనే విభాగం ఉంటుంది, వాళ్ళ పనే ఇది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడి నుంచి అవసరాన్ని బట్టి ఫిజీషియన్, పేగుల నిపుణులు, కీళ్ళవాతం, లూపస్ లాంటివి చూసే రుమటాలజిస్టు, చర్మ వైద్యులు.

వెళ్ళేటప్పుడు ఫోటోలు, క్యాలెండర్, మందుల జాబితా, పాత రిపోర్టులు తీసుకెళ్ళండి. పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటే భయపడకండి. ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి కొన్ని నిమిషాల్లో తీస్తారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో నెలలు ఆగేవాళ్ళున్నారు. పాకేది ముక్క తీసినందువల్ల కాదు, ఆలస్యం చేసినందువల్ల.

పరీక్షలన్నీ బాగున్నా పూత ఆగకపోతే, జబ్బు లేదని తేలిపోయింది కాబట్టి మిగిలింది పూతను అదుపులో పెట్టడమే. తరచూ వచ్చేవాళ్ళకు స్టెరాయిడ్ మౌత్‌వాష్, కొల్చిసిన్ లాంటి మందులు డాక్టర్ల చేతిలో ఉన్నాయి. ఆరు నెలల తర్వాత క్యాలెండర్‌తో మళ్ళీ వెళ్ళండి. ఈలోపు విరేచనాలో, కంటి ఎరుపో, కీళ్ళ నొప్పో కొత్తగా మొదలైతే ఆ తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్ళండి.